షూ-చిన్ గీసిన నెలవంక

ఆరోగ్య కార్యాలయం నుంచి ఇద్దరు మనుషులు కో షూ-చిన్ మందుల షాపులోకి వచ్చినప్పుడు ఉదయం తొమ్మిదిన్నర. ఆవిడ గల్లా పక్కన స్టూలు మీద కూర్చుని నేను వాకుయ్ తింటున్నాను. ఆవిరికి ఉడికిన ఆ బియ్యప్పిండి ముద్ద మీద పోసుకున్నది మా ఇంటి సోయా పులుసే. మా ఆయన కార్ఖానా ఆ షాపుకి సరిగ్గా ఎదురుగా ఉంది. నల్ల చిక్కుడు గింజలు జాడీల్లో ఊరబెట్టడం ఆయన పని, సీసాలకు లేబుళ్ళు అతికించడం నా పని. షీలువో ఊళ్ళోకి నేను కోడలిగా వచ్చిన నాటి నుంచి పొద్దుటి పలహారం షూ-చిన్ అక్క షాపులోనే.

అప్పటికి ఆవిడకు అరవై ఎనిమిదేళ్ళు. భర్త పోయి ఆరేళ్ళయింది. షాపు బోర్డు మీద ఇంకా ఆయన ఇంటిపేరే ఉంది. నిజానికి చదువు, పరీక్ష, లైసెన్సు అన్నీ ఆవిడవి. ఆయన డబ్బాలు మోసేవాడు, లెక్కలు చూసేవాడు, వచ్చినవాళ్ళతో కబుర్లు చెప్పేవాడు. అయినా ఊరంతా ఆయన్ని "మందులాయన" అనీ, ఈవిడని "మందులాయన భార్య" అనీ పిలిచేది. ఆవిడ ఎప్పుడూ సరిదిద్దలేదు.

లోపలికి వచ్చిన ఇద్దరిలో పెద్దాయన ఏమీ మాట్లాడలేదు. పక్కనున్న అమ్మాయికి ఇరవై ఏడో ఇరవై ఎనిమిదో ఉంటాయి. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ఫైలు. పేరు ఫాంగ్.

"ఫార్మసిస్టు కో షూ-చిన్ గారు మీరేనాండీ?" అంది.

అక్కని ఆ మాటతో పిలిచినవాళ్ళు మా వీధిలో ఎవరూ లేరు. పిలుపు తనకే అని తేల్చుకోవడానికి ఒక క్షణం పట్టినట్టుంది.

"నేనేనమ్మా. ఏం కావాలి?"

"తనిఖీకి వచ్చామండీ. మీరిచ్చే మందుల కవర్లు ఒకసారి చూపిస్తారా?"

అక్క సంతోషంగానే చూపించింది. చూపించుకోదగ్గ పనే అని ఆవిడ నమ్మకం.

ఆ కవర్ల సంగతి ఇది. మా ఊళ్ళో ముసలివాళ్ళు చాలామందికి అక్షరాలు రావు, వచ్చినవాళ్ళకు కళ్ళు ఆనవు. కవరు మీద చీమల్లాంటి అక్షరాల్లో రోగి పేరు, మందు పేరు, మోతాదు, దేనికి వాడాలి, ఏ ఇబ్బంది రావచ్చు, ఇచ్చినవారి పేరు, తేదీ, ఇలా బోలెడు ఉంటాయి. పెళ్ళయిన కొత్తలోనే అక్క ఒక ఉపాయం కనిపెట్టింది. తెల్ల కాగితం అరచేయంత ముక్క కత్తిరించి, ఎర్ర రంగుతో కిరణాలున్న సూర్యుణ్ణి గీస్తే పొద్దున. నీలం నెలవంక అంటే రాత్రి. గిన్నె అంటే తిన్నాక. పక్కన ఎన్ని మాత్రలో అన్ని చుక్కలు. ఆ ముక్కని కవరు మీద అతికించేది. కడుపునొప్పి పొడి సీసాల మీద కూడా అంతే. ఖాళీ సమయంలో గీసి డబ్బాలో పెట్టుకునేది. ఎంతోమంది ఆ బొమ్మలు చూసుకుని మందు మింగారు, బతికారు.

ఫాంగ్ ఒక కవరు వెలుగులోకి ఎత్తి చూసింది. "మందు పేరు ఎక్కడండీ?"

"అడుగున ఉంది."

"అడుగున అంటే?"

"బొమ్మ కింద."

ఆ అమ్మాయి పెద్దాయన వైపు చూసింది. ఆయన అలమార దగ్గరికి వెళ్ళి పొడి సీసా ఒకటి తీశాడు. నెలవంక సరిగ్గా గడువు తేదీ మీద కూర్చుని ఉంది. ఇంకోటి తీశాడు. దాని మీదా అంతే. మొత్తం పదకొండు సీసాలు తేలాయి. వాటిని సంచిలో వేసి, మూతికి సీలు వేసి, కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు.

"ఎందుకమ్మా ఇదంతా? మందు పాడైందా?" అడిగింది అక్క.

"మందు సంగతి కాదండీ, లేబుల్ సంగతి. నోటీసు వస్తుంది. వచ్చి మీ మాట చెప్పుకోవచ్చు."

వాళ్ళు వెళ్ళాక అక్క గల్లా వెనక నిలబడే ఉంది. నా వాకుయ్ చల్లారిపోయింది.

"బీ-యూన్, లేబుల్ లేదని పట్టుకుంటారు, తెలుసు. లేబుల్ ఎక్కువైందని కూడా పట్టుకుంటారా?"

"నాకేం తెలుసక్కా. మా సీసాల మీద అక్షరం చిన్నదైందని ఒకసారి మందలించారు, అంతే."

ఆ మధ్యాహ్నమే సంగతి వీధంతా పాకింది. మా కార్ఖానా ముందు టీ తాగడానికి వచ్చే టింగ్ గారు భూముల కార్యాలయంలో గుమాస్తాగా చేసి రిటైరయిన మనిషి. చట్టమంటే తనకే తెలుసని ఆయన ధీమా. ఇంటికి వెళ్ళి, మనవరాలి చేత కాగితాల మీద చట్టం అచ్చు వేయించుకుని వచ్చాడు. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని చదవడం మొదలుపెట్టాడు. చదివే కొద్దీ గొంతు తగ్గిపోయింది.

"ఇక్కడ రెండు చట్టాలున్నాయి. ఒకటి ఫార్మసిస్టుల మీద, రెండోది మందుల మీద. కవరు సంగతి మొదటిదాంట్లో వస్తుంది. సీసా సంగతి రెండోదాంట్లో."

"అయితే?" అంది అక్క.

"మొదటిదానికి జరిమానా చిన్నది. రెండోదానికి అంతకు పదిహేనింతలు. కానీ..." అని ఆగిపోయాడు.

"కానీ ఏమిటి, చెప్పండి బాబూ. సగం చెప్పి ఆపితే కడుపునొప్పి పొడి మీకే ఇవ్వాల్సొస్తుంది."

"గడువు తేదీని చెరిపినా, మార్చినా, ఆ మందు నకిలీ మందు కింద లెక్క. నకిలీ మందు అమ్మితే జరిమానాతో పోదు, జైలు. ఏళ్ళ తరబడి."

అక్క నవ్వబోయి ఆపుకుంది. "నేను చెరపలేదే. మార్చలేదే. కప్పాను."

"కప్పడం అనే మాట ఇందులో లేదమ్మా. అదే నాకూ అర్థం కావట్లేదు. చెరపడం ఉంది, మార్చడం ఉంది. కప్పడం దేని కిందికి వస్తుందో..."

"కింద తేదీ ఉంది కదండీ. బొమ్మ తీస్తే కనబడుతుంది."

"తీస్తే కనబడితే సరే," అన్నాడాయన. కాగితాలు మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు.

అప్పుడు నాకు జిగురు సంగతి గుర్తొచ్చింది. వాళ్ళెవరికీ చెప్పలేదు. అక్క ఎప్పుడూ అన్నం మెతుకులు నలిపి చేసిన జిగురే వాడేది. ఆ ఏడు ఆషాఢపు వానలకు ఆ జిగురు బూజు పట్టి బొమ్మలు ఊడి రాలిపోతుంటే, నేనే మా కార్ఖానా జిగురు ఒక డబ్బా తెచ్చి ఇచ్చాను. "నీళ్ళలో నానబెట్టినా ఊడదక్కా, సీసా పగలాలి తప్ప" అని గొప్పగా చెప్పాను కూడా. పదకొండు సీసాల్లో ఎన్నింటికి ఆవిడ జిగురు, ఎన్నింటికి నా జిగురు? ఆవిడని అడగడానికి నోరు రాలేదు.

ఫిర్యాదు చేసిందెవరన్నది ఇంకో పెద్ద ప్రశ్న. మూల మలుపులో కొత్తగా తెరిచిన పెద్ద మందుల షాపు వాళ్ళే అని సగం వీధి తీర్మానించింది. అక్క కూడా మూడు రోజులు ఆ షాపు ముందు నుంచి నడవడం మానేసి చుట్టూ తిరిగి కూరలకు వెళ్ళింది. నాలుగో రోజు ఆ షాపు కుర్ర ఫార్మసిస్టు తనే వచ్చి, "పిన్నిగారూ, మేం కాదు. నా మీద ఒట్టు," అని రెండు చేతులతో బొప్పాయి పండు ఇచ్చి వెళ్ళాడు. తప్పు లేనివాడు పండెందుకు తెచ్చాడని టింగ్ గారి అనుమానం. తప్పున్నవాడు ఎదురుగా ఎలా వస్తాడని నా అనుమానం. అక్క ఆ బొప్పాయి కొయ్యలేదు, పారెయ్యలేదు. అది గల్లా మీదే మగ్గిపోయింది.

నోటీసులు వచ్చాయి. ఒకటి కాదు, రెండు. ఒకటి ఫార్మసిస్టు కో షూ-చిన్‌కి, రెండోది షాపు యజమాని కో షూ-చిన్‌కి. అక్క రెండింటినీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది.

"ఇద్దరూ నేనే కదే?"

"నువ్వే."

"మరి ఎవరిది తప్పంటున్నారు? ఆవిడదా, ఈవిడదా?"

విచారణకు జిల్లా కేంద్రానికి బస్సులో వెళ్ళాం. అక్క పెళ్ళిళ్ళకు తొడుక్కునే గోధుమరంగు కోటు వేసుకుంది. ఆ ఎండలో కోటెందుకని అడిగితే, "ఏం వేసుకోవాలో తెలియలేదు" అంది. దారి పొడవునా లైసెన్సు ఉన్న సంచిని ఒడిలో పెట్టుకుని కూర్చుంది.

గదిలో పొడుగాటి బల్ల. అవతల ఫాంగ్, ఆ మాట్లాడని పెద్దాయన, రాసుకోవడానికి ఇంకొకాయన. బల్ల మీద పదకొండు సీసాలు వరుసగా.

"ఫార్మసిస్టు గారూ, ఈ బొమ్మలు గీసింది మీరేనా?"

"నేనే."

"నెలవంక అంటే ఏమిటండీ?"

"రాత్రి."

"అది ఎక్కడ రాసి ఉంది?"

అక్క అయోమయంగా నా వైపు చూసింది, మళ్ళీ ఆ అమ్మాయి వైపు చూసింది. "నెలవంక అంటే రాత్రి అని రాయాలా అమ్మా? రాస్తే చదవలేరనే కదా గీసింది."

ఫాంగ్ వెటకారం చెయ్యలేదు. కోప్పడలేదు. ఏదో చెప్పబోయి, ముందు సీసాల సంగతి తేల్చాలన్నట్టు పట్టకారు తీసింది. తడి దూదితో మొదటి సీసా మీది కాగితాన్ని నెమ్మదిగా తడిపింది. రెండు నిమిషాలకు నెలవంక ముడతలు పడి ఊడి వచ్చింది. కింద తేదీ శుభ్రంగా కనిపించింది. రాసేవాయన రాసుకున్నాడు. రెండోది, మూడోది, అన్నీ అలాగే. ఎనిమిదో సీసా దాకా అన్నం జిగురే. అక్క ఒక్కో తేదీ బయటపడినప్పుడల్లా, చూశారా అన్నట్టు తలాడించింది.

తొమ్మిదోది తడిసినా కదల్లేదు. ఇంకొంచెం తడిపారు. పట్టకారుతో అంచు లాగారు. కాగితం పైపొర మాత్రం వచ్చింది. గట్టిగా లాగితే మొత్తం ఒక్కసారిగా ఊడింది, దానితో పాటే అసలు లేబుల్ ముక్కా ఊడింది. తేదీ ఉండాల్సిన చోట తెల్లటి గాజు. పదోదీ పదకొండోదీ అంతే.

అక్క ఆ గాజు వైపే చూస్తోంది. "ఉండాలే," అంది చిన్నగా. "ఇక్కడే ఉండాలే. నేను చూసే అతికించాను."

నేను లేచి నిలబడ్డాను. "ఆ జిగురు నాదండీ. సోయా సీసాల జిగురు. నేనే ఇచ్చాను. లేబుల్ కూడా ఊడొస్తుందని ఆవిడకు తెలీదు. రాసుకోండి."

రాసేవాయన కలం ఎత్తి, ఫారం పైకీ కిందకీ చూశాడు. "మీరెవరండీ?"

"ఎదురింటిదాన్ని."

"ఎదురింటివాళ్ళకి ఇందులో గడి లేదండీ," అన్నాడాయన, పాపం నిజంగానే వెతికి. చివరికి కాగితం అంచున ఏదో చిన్నగా గీకాడు. ఏం రాశాడో నాకు ఇప్పటికీ తెలీదు.

అప్పుడు ఫాంగ్ ఫైలులోంచి ఒక నలిగిపోయిన కవరు తీసి అక్క ముందు పెట్టింది. సగం చిరిగి ఉంది. నీలం నెలవంక, ఒక చుక్క.

"ఇది లియావ్ ఇంటి మాన్ మామ్మగారిది. గుర్తుందా అండీ?"

ఎందుకు గుర్తుండదు? మాన్ మామ్మకు ఎనభై నాలుగేళ్ళు. మాజు తల్లి గుడి వెనక ఇల్లు. కోడలు సూ-పేయ్ కూరగాయల టోకు మార్కెట్లో పనిచేస్తుంది. మామ్మ బీపీ మాత్రలు పన్నెండేళ్ళుగా అక్క షాపు నుంచే.

"పోయిన నెల మామ్మగారు గుడి మెట్ల మీద పడిపోయారు. ఆసుపత్రికి తీసుకెళితే, రోజూ ఏ మందు వాడుతున్నారని డాక్టరు అడిగారట. కోడలు కవరు చూపించింది. పేరు కనబడలేదు. బొమ్మ లాగితే కవరు చిరిగి పేరు పోయింది. ఏం మందో తెలియకుండానే గంటసేపు వైద్యం చేశారు. ఫిర్యాదు ఆ కోడలే ఇచ్చింది."

అక్క చేతులు బల్ల మీంచి ఒళ్ళోకి జారాయి. "మామ్మకి ఇప్పుడెలా ఉంది?"

"బాగున్నారు."

"నాకెవరూ చెప్పలేదే," అంది అక్క. ఇంకేం అడిగినా సరిగా జవాబు చెప్పలేకపోయింది. తేదీ పోయిన మూడు సీసాల సంగతి తమ చేతుల్లో లేదనీ, ప్రాసిక్యూటర్‌కి పంపాల్సిందేననీ వాళ్ళు చెప్పారు. ఆవిడ తలూపింది కానీ విన్నట్టు లేదు.

బస్సు దిగి ఇంటికి రాలేదు. నేరుగా గుడి వెనకకి నడిచింది. నేనూ వెంట వెళ్ళాను. మాన్ మామ్మ అరుగు మీద చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. సూ-పేయ్ అప్పుడే మార్కెట్ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. మమ్మల్ని చూసి దాని ముఖం ఎర్రబడింది.

"పిన్నీ, ఫిర్యాదు నేనే చేశాను. దాచను. ఆ రోజు మీ షాపుకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. డాక్టరు నా మీద అరిచాడు. ఇంట్లో మనిషి ఏం మింగుతోందో కూడా తెలీదా అన్నాడు. నేనేం చెప్పను, చంద్రుణ్ణి మింగుతోందని చెప్పనా?"

"నిన్ను తిట్టడానికి రాలేదమ్మా," అంది అక్క. మామ్మ పక్కన కూలబడింది. "మామ్మా, మాత్ర రోజూ వేసుకుంటున్నావా?"

"వేసుకోకేం? తప్పకుండా వేసుకుంటున్నా."

"ఎప్పుడు?"

"నువ్వు చెప్పినప్పుడే. నెలవంక నాడు."

అక్కకి అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"నెలవంక నాడేమిటి మామ్మా?"

"పాడ్యమి నాడే తల్లీ. నేను పాడ్యమికీ పున్నమికీ మాంసం ముట్టను, గుడికెళతాను, తెలుసుగా. ఇదివరకు సూర్యుడు ఉండేవాడు, రోజూ పొద్దున్నే వేసుకునేదాన్ని. చైత్రంలో నువ్వు సూర్యుణ్ణి తీసేసి నెలవంక పెట్టావు. నెలకొకటి చాలు కాబోలు, ఒంట్లో నయమైంది కాబోలు అనుకున్నా. పాడ్యమి నాడు స్నానం చేసి, అగరుబత్తి వెలిగించి, దణ్ణం పెట్టుకుని వేసుకున్నా. మరీ నిష్ఠగా."

సూ-పేయ్ చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. మామ్మ లోపలికి వెళ్ళి బిస్కెట్ల డబ్బా తెచ్చి మూత తీసింది. నాలుగు కవర్లు. దాదాపు నిండుగా ఉన్నాయి. "ఇది నెల నెలా తెస్తుంటే వద్దనలేక దాచాను. ఇవుంటే నాకు తొమ్మిదేళ్ళు ఢోకా లేదు," అంది గర్వంగా.

ఆ చైత్రంలో డాక్టరు మాత్రని పొద్దుటి నుంచి రాత్రికి మార్చాడు, అంతే జరిగింది. అక్క సూర్యుడి బదులు నెలవంక అతికించింది. అక్క ఆ కవర్లను ముందుకీ వెనక్కీ తిప్పింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. దారి తప్పిన మనిషిలా కూర్చుంది.

"తప్పు నాదే, బీ-యూన్," అంది తిరిగి వస్తుంటే. "కానీ ఏది తప్పు? పేరు కప్పినందుకు పట్టుకున్నారు. పేరు కప్పకపోయినా మామ్మ పాడ్యమికే మింగేది. పేరు కప్పినందుకు డాక్టరు తిప్పలు పడ్డాడు. అది వేరే తప్పు. ఒక తప్పుకి పట్టుకుంటే ఇంకో తప్పు బయటపడింది. మూడోది నీ జిగురు. జైలుకి పంపితే దేనికి పంపుతారో కూడా నాకు తెలీదు."

మర్నాటి నుంచి ఆవిడ షాపు మధ్యాహ్నం మూసేసి ఇంటింటికీ తిరిగింది. బొమ్మ ఉన్న ప్రతి కవరూ వెనక్కి తీసుకుని బొమ్మ లేని కవరు ఇవ్వాలని కార్యాలయం ఆదేశం. నేను సంచీ పట్టుకుని వెంట ఉన్నాను. ఊరికే తీసుకుని రాకుండా అక్క ప్రతి ఒక్కరినీ, "ఇది చూసి ఎలా వేసుకుంటున్నారు?" అని అడిగింది. అడగకుండా ఉంటే బాగుండేదని తర్వాత అంది.

చాలామంది సరిగ్గానే చెప్పారు. బియ్యం మిల్లు ముసలాయన మాత్రం గిన్నె బొమ్మ చూపించి, "గంజిలో కలుపుకుంటున్నా. ఆరేళ్ళుగా గంజి ఒకటే చేదు. కోడలి చేతి మహిమ అనుకున్నా," అన్నాడు. లోపలి నుంచి కోడలు, "విన్నారా! ఆరేళ్ళు నన్ను ఎన్నేసి మాటలన్నాడో!" అని కేకేసింది. ఇంకొకావిడ చుక్కల్ని లెక్కపెట్టేదే కాదు, అవి నెలవంక పక్కన నక్షత్రాలట, అందానికి గీశారనుకుందట.

వెల్లుల్లి పొలాల వైపు చివరి ఇల్లు థ్యూది. వియత్నాం నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చి ఐదేళ్ళు. మాట వచ్చింది కానీ మా అక్షరాలు రాలేదు. మంచంలో ఉన్న మామగారికి నాలుగు రకాల మందులు అదే వేస్తుంది. అక్క అడగ్గానే గబగబా అప్పజెప్పింది: ఇది పొద్దున ఒకటి, ఇది రాత్రి అన్నం తిన్నాక రెండు, ఇది రెండుపూటలా. ఒక్క పొల్లు పోలేదు.

"సరే అమ్మా, ఇవి ఇచ్చెయ్. కొత్తవి ఇస్తాను."

థ్యూ కొత్త కవరు తీసుకుని చూసింది. నల్లటి అక్షరాలు. పాత కవర్లు వెనక్కి దాచుకుంది.

"ఇవ్వను అక్కా."

"చట్టం అమ్మా. ఇవ్వాలి."

"ఇవి తీసేస్తే నేను గుడ్డిదాన్ని. ఈయనకి ఏది వెయ్యాలో నాకేం తెలుస్తుంది? చట్టం వచ్చి వేస్తుందా?"

అక్క పది నిమిషాలు గుమ్మంలో నిలబడి, ఆ నాలుగు కవర్లు తీసుకోకుండానే తిరిగి వచ్చేసింది. దారిలో నాతో, "తీసుకోకపోవడం ఇంకో నేరమా?" అంది.

ఏడు వారాలకు ప్రాసిక్యూటర్ కాగితం వచ్చింది. టింగ్ గారు రెండుసార్లు పైకి చదివాడు. మూడు సీసాల అడుగున ముద్రించిన తయారీ నంబరు మిగిలి ఉంది కాబట్టి, ఆ నంబరు ప్రకారం మందుకి గడువు ఉంది కాబట్టి, మోసం చేసే ఉద్దేశం లేదు కాబట్టి కేసు పెట్టడం లేదు. ఇంకో వారానికి కార్యాలయం నుంచి రెండు జరిమానాలు, ఇద్దరు షూ-చిన్‌ల మీద విడివిడిగా. రెండూ చట్టంలో ఉన్న కనీసపు మొత్తాలే. లైసెన్సు జోలికి రాలేదు. కట్టడానికి నేను సగం ఇస్తానంటే ఆవిడ నన్ను కసురుకుంది. రెండు వేర్వేరు వరుసల్లో నిలబడి కట్టి వచ్చింది.

జైలు తప్పిందని మా వీధి వాళ్ళంతా టపాకాయలు కాల్చినంత పని చేశారు. అక్క మాత్రం తేలికపడలేదు. "వదిలేశారంటే నాది తప్పు కాదనా? జరిమానా వేశారంటే తప్పనా?" అని ఆ రెండు రకాల కాగితాలనూ ఒకే ఫైలులో పెట్టలేక పెట్టింది.

ఇప్పుడు షాపులో బొమ్మలు లేవు. కవరు మీద అక్షరాలు పెద్దవి చేయించింది. మందు ఇచ్చేటప్పుడు గట్టిగా చెప్పి, వచ్చినవాళ్ళ చేత మళ్ళీ చెప్పించుకుంటుంది. "రేపు ఏం చేస్తావో చెప్పు" అంటుంది. పాడ్యమి అనే మాట దొర్లితే చాలు, మొదటి నుంచీ మొదలుపెడుతుంది. ఒక్కొక్కరికి పావుగంట పడుతోంది. బయట వరుస పెరుగుతోంది. కొందరు విసుక్కుని మలుపులో పెద్ద షాపుకి వెళ్ళిపోతున్నారు. మాన్ మామ్మ మాత్రం కావాలనే రెండుసార్లు తప్పు చెప్పి అక్కని హడలగొట్టి నవ్వుతుంది.

పోయిన నెల మొదట్లో థ్యూ వచ్చింది. అక్క నాలుగు మందులూ చెప్పింది, అది అప్పజెప్పింది. అంతా అయ్యాక అది కౌంటర్ మీద కలం అందుకుని, ఒక్కో కవరు వెనక ఖాళీలో తన భాషలో ఏదో రాసుకోవడం మొదలుపెట్టింది. అక్షరాల మీద చిన్న చిన్న కొమ్ములు, చుక్కలు.

"ఏం రాస్తున్నావే?" అంది అక్క కంగారుగా.

"రాత్రి, అన్నం తర్వాత, రెండు. నాకోసం అక్కా."

"పేరు మీద రాయలేదు కదా?"

"వెనక రాశాను."

అక్క ఆ కవరు తిప్పి తిప్పి చూసింది. ముందు అన్నీ ఉన్నాయి. వెనక ఆవిడకు ఒక్క ముక్కా తెలియని రాత. అది నిజంగా రాత్రి అనే ఉందో, పగలు అనే ఉందో ఆవిడ చెప్పలేదు, నేను చెప్పలేను. థ్యూ వెళ్ళాక ఫోన్ తీసి కార్యాలయానికి చేసింది. ఫాంగే ఎత్తింది.

"అమ్మాయ్, నేను గియ్యలేదు. రాయలేదు. కొనుక్కున్నావిడ నా షాపులో, నా కలంతో, నేనిచ్చిన కవరు మీద వాళ్ళ భాషలో రాసుకుంది. ఇది నా లేబులా, ఆవిడ లేబులా? రేపు ఏదైనా అయితే ఏ షూ-చిన్‌కి వస్తుంది నోటీసు?"

"నాకు తెలీదండీ, ఫార్మసిస్టు గారూ. పైవాళ్ళని అడిగి చెబుతాను," అందట.

అడిగిందట కూడా. పైవాళ్ళు ఆలోచిస్తున్నారట.